అంతరిక్షంలో మా ఆయన ఆయుష్షు

ఆ వేసవంతా నేను ఇంటికి రాగానే మా ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఇవాళ నేను బతికానా?"

కాఫీ కలపనా, ఎండలో ఎలా వచ్చావు, ఇలాంటివేవీ లేవు. నేను చెప్పులు విప్పుతూ "ఇవాళ్టికి ఉన్నారు, రేపటి సంగతి తెలీదు" అనేదాన్ని. ఒక్కోరోజు "పొద్దున పోయారు, భోజనాలయ్యాక మళ్ళీ లేపాం" అనేదాన్ని. పక్క పోర్షన్‌లో కొత్తగా దిగినావిడ ఈ మాటలు గోడ అవతలినుంచి విని, మా ఇద్దరిలో ఎవరికో మతి చలించిందనుకుని కొన్నాళ్ళపాటు కళ్ళు కలపకుండా తప్పుకు తిరిగింది. తరవాత అసలు సంగతి తెలిసి, తనే కిటికీ దగ్గరికొచ్చి "ఈరోజు అన్నయ్యగారు ఉన్నారా, పోయారా?" అని అడగడం మొదలుపెట్టింది.

సంగతేమిటంటే, నేను సినిమాలకు మాటలు రాస్తాను. మా ఆయన వేషాలు వేస్తారు. హీరోకి బాబాయి, విలన్‌కి లాయరు, పెళ్ళిచూపుల్లో సోఫా చివర కూర్చుని లడ్డూ బాగుందనే పెద్దమనిషి. ముఖం అందరికీ తెలుసు, పేరు ఎవరికీ తెలీదు. కృష్ణానగర్‌లో టీ తాగుతుంటే జనం వచ్చి "మిమ్మల్ని ఎక్కడో చూశాం, బ్యాంకులోనా?" అని అడుగుతారు. ఆయన నవ్వుతూ అవునంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

అలాంటి మనిషికి ఒక కుర్ర డైరెక్టరు అంతరిక్షంలోకి వెళ్ళే వేషం ఇచ్చాడు. నలుగురు వెళ్తారు. కెప్టెన్ హీరో, డాక్టరు హీరోయిన్, నవ్వించడానికి ఒక కమెడియన్, నౌకని బాగుచేసే ఇంజినీరు మా ఆయన. దారిలో ప్రమాదం జరుగుతుంది. అంతవరకే కథ ఖాయమైంది. ఆ ప్రమాదంలో ఎవరు మిగులుతారన్నది తేల్చడానికే ఫిల్మ్ నగర్ గుట్ట మీద, పాత బంగళా కింది భాగంలో ఉన్న డైరెక్టరు ఆఫీసులో మేం రోజూ కూర్చునేవాళ్ళం. మాటల రచయిత్రిగా నన్ను పిలిచారు. నేను మాత్రం మా ఆయన తరఫు వకీలుగా వెళ్ళాను.

ఇంజినీరు ఇంటర్వెల్ దగ్గర పోతే మా ఆయన వేషం అక్కడితో సరి. బతికితే రెండో సగమంతా, ఆఖరి సీను దాకా, హీరో భుజం పక్కనే ఉంటారు. యాభై దాటిన నటుడికి ఇలాంటి వేషం మళ్ళీ రాదని మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట పైకి అనుకోలేదు, అంతే.

మా పరిశ్రమలో చావులకి కొన్ని కట్టుబాట్లున్నాయి. హీరో పోడు. హీరోయిన్ పోతే హీరో గడ్డం పెంచాలి కాబట్టి ఆవిడా పోదు. కమెడియన్ పోతే పిల్లలు గొడవ చేస్తారు. ఇక మిగిలేది హీరో పక్కన ఉండే మంచి మనిషి. అతను జేబులోంచి కూతురి ఫోటో తీసి చూసుకున్నాడంటే ఇంటర్వెల్ దాటడని హాల్లో పల్లీలు అమ్మేవాడికి కూడా తెలుసు. అందుకే నా యుద్ధమంతా ఆ జేబు దగ్గరే మొదలైంది.

"అక్కా, అన్న జేబుల బిడ్డ ఫోటో పెడ్దాం," అన్నాడు డైరెక్టరు. "బరువుండదు గదా, ఫోటో గట్ల తేలుకుంట పోతది. కిరాక్ ఉంటది."

"ఆ పాత్రకి పిల్లల్లేరు," అన్నాను.

"పోనీ, పెండ్లాం ఫోటో?"

"పెళ్ళి కాలేదు. ఎవరికీ ఏ మాటా ఇచ్చి రాలేదు. ఇంటి దగ్గర కుక్క కూడా లేదు. రాసుకోండి."

అతను పడీపడీ నవ్వాడు కానీ, పట్టు వదలలేదు. "ఎవరో ఒకరు పోవాలె అక్కా. అందరు బతికితె ఇంటర్వెల్ ఎట్ల పడ్తది? పబ్లిక్ సమోసాలు తింటరు గని ఏడ్వరు."

సరిగ్గా అప్పుడు నాకు అండ దొరికింది. రాకెట్ల కేంద్రంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన్ని సలహా కోసం పిలిపించారు. మా గోదావరి వైపు మనిషే, టోలిచౌకిలో ఉంటారు. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఆయన చేసిందొక్కటే పని. ప్రమాదం జరిగితే లోపలున్న మనుషుల్ని ఎలా ప్రాణాలతో దించాలా అని ఆలోచించడం. మేం ఆయన్ని సైంటిస్టుగారు అనేవాళ్ళం. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో మజ్జిగ సీసా. మా మిరపకాయ బజ్జీల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మొదటిరోజే ఆయనకి కోపం వచ్చింది. "నాకర్థం కాలేదండీ. అందరూ బతికి రావాలని మేం జుట్టు ఊడగొట్టుకున్నాం. మీరేమో ఒకణ్ణి చంపకపోతే సినిమా ఆడదంటారేంటండీ?"

నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. కుర్చీ జరుపుకుని ఆయన పక్కన చేరాను.

ఆయన చెప్పేవి వింటుంటే మేం బజ్జీలు నమలడం మరిచిపోయేవాళ్ళం. ఒక దేశంలో ఎగరకముందే, నేల మీద పరీక్ష చేస్తుండగా నిప్పంటుకుంటే ముగ్గురు లోపలే ఉండిపోయారట. తలుపు లోపలివైపుకి తెరుచుకునే రకం. వేడికి లోపల ఒత్తిడి పెరిగి తలుపుని నొక్కిపట్టేసింది, ఎంత లాగినా రాలేదు. ఇంకో దేశంవాళ్ళ నౌక తిరుగుప్రయాణంలో ఒక చిన్న వాల్వు అనుకోకుండా తెరుచుకుని గదిలో గాలంతా పోయింది. స్థలం చాలదని లోపలున్నవాళ్ళకి సూట్లు ఇవ్వలేదు. నౌక మాత్రం చక్కగా దిగింది. తలుపు తీసి చూస్తే ముగ్గురూ కుర్చీల్లో నిద్రపోతున్నట్టే ఉన్నారట. ఇది చెప్పేటప్పుడు సైంటిస్టుగారు మజ్జిగ సీసా మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. మరి బతికినవాళ్ళు లేరా అని నేనే అడిగాను. "ఎందుకు లేరండీ? రాకెట్టు దారిలో పాడైతే మనుషులున్న గదిని లాక్కుపోయే ఏర్పాటు ఉంటుంది. అలా ఒకసారి ఇద్దరు కిందకొచ్చి, ఒళ్ళు దులుపుకుని నడిచెళ్ళారు," అన్నారు.

"ధైర్యం సార్, ధైర్యం ఉండాలె," అన్నాడు డైరెక్టరు. అతని బుర్రలో హీరో తప్ప ఏమీ లేదు.

"ధైర్యం సంగతి నాకు తెలీదండీ. గాలి అందాలి. తలుపు లోపలున్నవాడి చేతికి తెరుచుకోవాలి. ఆపమంటే ఆగాలి. కౌంట్‌డౌన్‌లో అనుమానం వచ్చినవాడు ఎంత చిన్న ఉద్యోగైనా సరే, ఆపమంటాడు. ఆపేస్తాం. ఎందుకు ఆపావని ఎవరూ తిట్టరు."

డైరెక్టరు పగలబడి నవ్వాడు. "మా దాంట్ల గట్ల నడ్వది సార్. కట్ అనేటోడు ఒక్కడే. హీరో నాయన వచ్చి చెప్పినా కెమెరా ఆగది."

అది నిజమే. మా దగ్గర డైరెక్టరు కట్ అనేదాకా లైటు పగిలినా, దాని గొడుగు మీద పడినా ఎవరూ నోరు విప్పరు. నటుడు కింద పడితే పడ్డట్టే నటిస్తూ ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదట నేర్పేది ఇదే. ఇంకొకరు కట్ అన్నారంటే డైరెక్టరు కుర్చీలో కూర్చున్నంత తప్పు.

ఆ తరవాత సైంటిస్టుగారు చెప్పిన ప్రతి ముక్కనీ నేను ఆయుధం చేసుకున్నాను. గాలి పోయిందా? సూటుంది. సూటు చిరిగిందా? అతుకు వేస్తారు. నిప్పా? ఆర్పే ఏర్పాటుంది. డైరెక్టరు తలుపు విరగ్గొడితే నేను రెండో తలుపు పెట్టించాను. ఒక రోజు అతను విసిగిపోయి "అక్కా, యముడు కూడ నీ దగ్గర కిరాయికుంటడు" అన్నాడు. చివరికి నలుగురూ బతకడానికి ఒప్పుకున్నాడు. ఊపిరందని ఇంజినీరు ఆఖరి క్షణంలో వాల్వు మూసి బొటనవేలు పైకెత్తి చూపిస్తాడు. అక్కడ ఇంటర్వెల్. ఆ మాట కూడా నేనే రాశాను. "వాల్వు మూసేశాను కెప్టెన్. మనం బతికాం."

ఆ రోజు నడుస్తూనే ఇంటికొచ్చాను. ఫిల్మ్ నగర్ నుంచి కృష్ణానగర్ దాకా దిగుడు రోడ్డు, ఆటో ఎక్కాలనే అనిపించలేదు. మా ఆయన అడిగేలోపే "బతికారు, ఆఖరి దాకా!" అని గుమ్మంలోంచే అరిచాను. ఆయన లోపలికెళ్ళి మొహం కడుక్కుని చాలాసేపటికి వచ్చారు. కిటికీలోంచి పక్కింటావిడ చప్పట్లు కొట్టింది.

నౌక లోపలి భాగాన్ని స్టూడియో ఫ్లోర్‌లో కట్టారు. ప్లైవుడ్డు, ఫైబరు, పాడైపోయిన కీబోర్డులు, వాటి మీద వెండిరంగు. ముహూర్తం రోజున పసుపు కుంకుమ రాశారు. నిమ్మకాయలు పెట్టడానికి చక్రాలు లేకపోతే నిచ్చెన కాళ్ళ కింద పెట్టి తొక్కించారు. సైంటిస్టుగారు చూసి నవ్వుతారనుకున్నాను. "మా దగ్గర ఏం చేసేవాళ్ళమో మాత్రం అడక్కండి," అన్నారు గుట్టుగా.

వాల్వు సీను తీసే రోజు ఆయన్ని కూడా పిలిచారు. ఇద్దరం మానిటరు వెనక కూర్చున్నాం. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. సెట్లోకి పొగ వదిలారు. మా ఆయన్ని తాళ్ళకి కట్టి మూరెడెత్తున గాల్లోకి లేపారు. ఆ హెల్మెట్ సంగతి ఇక్కడ చెప్పాలి. ముందు పెద్ద అద్దం. కెమెరాకి కనపడకూడదని బిగించే క్లిప్పు వెనక, మెడ దగ్గర పెట్టారు. దొడ్డు గ్లౌజులు వేసుకున్న చేతికి అది దొరకదు, కాస్ట్యూమ్స్ మనిషే తీయాలి. ఊపిరాడటానికి చెవి పక్కన చిన్న ఫ్యాను. ఈ సినిమాకి డబ్బింగు వద్దు, అక్కడ పలికిన గొంతే ఉంచాలని డైరెక్టరు పట్టుదల. ఫ్యాను బొయ్యిమంటుంటే మాట వినపడటం లేదని సౌండతను గొడవపెట్టాడు. అందుకని టేక్ మొదలవగానే ఫ్యాను ఆపి, కట్ అనగానే వేస్తున్నారు. చిన్న చిన్న షాట్లకి ఏ ఇబ్బందీ రాలేదు. ఈ షాటు మాత్రం ఏకబిగిన తీయాలనుకున్నారు.

"జర సేపే సార్, పరేషాన్ గాకుండ్రి," అంటూ కాస్ట్యూమ్స్ అతను క్లిప్పు బిగించి పక్కకి తప్పుకున్నాడు.

యాక్షన్ అన్నారు. హీరో అవతలి చివర పెద్ద డైలాగు మొదలుపెట్టాడు. మధ్యలో మరిచిపోయాడు. డైరెక్టరు కట్ అనకపోయేసరికి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. కట్ ఎందుకనలేదంటే రెండో కెమెరా మా ఆయన ముఖం మీద ఉంది. ఆ ముఖం అద్భుతంగా ఉంది. చెమట, వణికే పెదాలు, పెద్దవైన కళ్ళు. డైరెక్టరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్న చంపుతున్నడు," అని గొణిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గుడ్లప్పగించి చూస్తున్నారు. నాకు గర్వంగా ఉంది. ఇన్నాళ్ళకి ఈ మనిషి ముఖాన్ని ఎవరో నింపాదిగా చూస్తున్నారు అనుకున్నాను.

హీరో మాట అయిపోయింది. ఇక మా ఆయన వంతు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. నాకు చిరాకేసింది. నేను అన్ని రోజులు కొట్లాడి సాధించిన మాటని మింగేశారేంటి? ఆయన వాల్వు వైపు వెళ్ళలేదు. బొటనవేలు చూపించలేదు. చేత్తో అద్దం మీద కొట్టి, ఆ చేతిని మెడ వెనక్కి పోనిచ్చి తడుముకుంటున్నారు.

సైంటిస్టుగారు నా వైపు వంగి, నొచ్చుకుంటూ అన్నారు. "ఇది తప్పండీ. బయట గాలి లేనప్పుడు హెల్మెట్ ఎవడైనా తీస్తాడా?"

నిజమే. అంతరిక్షంలో ఉన్నవాడు తీయడు. గాలి బయట ఉందని తెలిసినవాడే తీస్తాడు.

"కట్!" అని అరిచాను.

యూనిట్ మొత్తం తిరిగి చూసింది. మా ఆయన్ని కాదు, నన్ను. ఎవరో "ష్" అన్నారు. కెమెరా ఆగలేదు. ఆపమని చెప్పాల్సిన మనిషి నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. "కట్, కట్, ఆయనకి ఊపిరాడటం లేదు!" అంటూ చెప్పులతోనే సెట్లోకి పరుగెత్తాను. ఆ వెండి నేల మీద చెప్పులతో అడుగుపెట్టినవాళ్ళు అంతకుముందు లేరు. క్లిప్పు నా వేళ్ళకి దొరకలేదు. కాస్ట్యూమ్స్ అతను ఒక్క గెంతున వచ్చి లాగాడు. హెల్మెట్ ఊడింది. మా ఆయన తల నా భుజం మీద వాలిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. నేను ఏమేం తిట్టానో, ఎవరిని తిట్టానో నాకు గుర్తులేదు. చాలా నీచంగా తిట్టానని తరవాత కమెడియన్ మెచ్చుకోలుగా చెప్పాడు.

తాళ్ళు దించి పడుకోబెట్టారు. సైంటిస్టుగారు అందరినీ దూరంగా నెట్టి, సూటు బిగువు వదులుచేసి, గాలి తగలనిచ్చారు. యూనిట్ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆక్సిజన్ పెట్టి, పరీక్షలు చేసి, ఏ ప్రమాదమూ లేదని సాయంత్రానికి పంపేశారు. కారెక్కాక మా ఆయన కళ్ళు మూసుకునే అడిగారు. "నేను బతికానా?"

నేను దారి పొడుగునా ఏడ్చాను. డ్రైవరు పాట ఆపేశాడు.

కొన్నాళ్ళకి డైరెక్టరు మా ఇంటికి వచ్చాడు. వచ్చీ రాగానే మా ఆయన కాళ్ళ మీద పడబోయాడు. కాఫీ ఇచ్చాను కానీ, నవ్వలేదు. అతను గ్లాసు పట్టుకుని చాలాసేపు నసిగాడు.

"అక్కా, ఆ షాట్ ఎడిటింగ్‌ల చూసిన. గసొంటిది మల్ల తీయలేం. తీయొద్దు గూడ. వాడుకుంటె మాత్రం..."

మిగతాది నేనే పూర్తి చేశాను. "వాడుకుంటే ఇంజినీరు పోవాలి."

ఆ ముఖం చూశాక ఇంజినీరు బొటనవేలు చూపించి లేచి కూర్చున్నాడంటే ఎవరూ నమ్మరు. రాసేదాన్ని, నాకు తెలీదా?

"మీరిద్దరు వద్దంటె ఇప్పుడె తీసేపిస్త. అమ్మ తోడు."

"తీసెయ్యి," అన్నాను. "మనిషి నిజంగా పోతుంటే తీసిన బొమ్మ అది. దానికి టికెట్టు పెడతావా?"

ఇంతలో మా ఆయన అన్నారు. "ఉంచండి."

నాకు మండిపోయింది. అతని ముందే కేకలేశాను. "మీకు మతుందా? రెండో సగమంతా పోతుంది. దానికోసం నేను ఎంత కొట్లాడానో తెలుసా?"

"తెలుసే. రోజూ నువ్వు చెప్తుంటే విన్నాను కదా," అన్నారాయన మెల్లగా. "రెండో సగంలో నలుగురిలో ఒకణ్ణి. హీరో మాట్లాడుతుంటే వెనక తల ఊపుతాను. ఇందులో నన్నొక్కణ్ణే చూస్తారు. ఇన్నేళ్ళలో నా ముఖం మీద కెమెరా అంతసేపు ఉండటం ఇదే. సగం నటనే, ఒట్టు. మిగతా సగం ఫ్యాను లేకపోవడం."

ఆయన నవ్వారు. డైరెక్టరు ఏడ్చాడు. నాకు ఇద్దర్నీ కొట్టాలనిపించింది.

ఒప్పుకున్నాను కానీ, ఊరికే కాదు. హెల్మెట్ క్లిప్పు ముందుకి రావాలి, తొడుక్కున్నవాళ్ళే తీసుకునేలా ఉండాలి. ఫ్యాను ఆపకూడదు, గొంతులు తరవాత డబ్బింగులో చెప్పుకోవాలి. యూనిట్‌లో ఎవరైనా సరే కట్ అనొచ్చు, అంటే కెమెరా ఆగాలి, ఎందుకన్నావని ఎవరూ తిట్టకూడదు. డైరెక్టరు మర్నాడు అందరినీ నిలబెట్టి మైకులో ఆ మాట చెప్పాడు. జనం నమ్మలేదు. మొదటిసారి వాడింది కమెడియనే. సూటు లోపల వీపు దురద పెడుతోందని కట్ అన్నాడు. డైరెక్టరు పళ్ళు కొరుకుతూ ఆగాడు. వీపు గోకించి మళ్ళీ మొదలుపెట్టారు.

ఇంజినీరు చావు సీను నేనే తిరగరాశాను. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. జేబులో ఫోటో మాత్రం పెట్టలేదు.

విడుదలకి ముందు జూబ్లీహిల్స్‌లో ఒక ప్రివ్యూ హాల్లో మాకు సినిమా వేశారు. మా వెనక సైంటిస్టుగారు మజ్జిగ సీసాతో సహా వచ్చి కూర్చున్నారు. వాల్వు సీను వచ్చింది. తెర నిండా మా ఆయన ముఖం. హాల్లో ముక్కులు ఎగపీల్చడం మొదలైంది. చెయ్యి అద్దం మీద కొట్టింది. మెడ వెనక్కి పోయే ముందే షాటు కోసేశారు. ఆ తరవాత తెర మీద చీకటి, నిశ్శబ్దం. అక్కడ ఏం వినపడాలో నాకు తెలుసు. నా గొంతు వినపడాలి. అది మాత్రం సినిమాలో లేదు.

నేను అసలు తెర వైపు సరిగ్గా చూడనే లేదు. పక్కకి తిరిగి, ఆ వెలుతురులో మా ఆయన చొక్కా పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చున్నాను. నాకు భయమేసింది, ఆయన్ని ఎంత ప్రేమిస్తున్నానో అప్పుడు తెలిసింది, ఈ వయసులో అలా తెలియడం కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది. చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆయన నా చెవి దగ్గరికి వంగారు. ఆ రోజు రాని మాటని, నేను రాసింది రాసినట్టు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి చెప్పారు. "వాల్వు మూసేశాను కెప్టెన్. మనం బతికాం."

ముందు వరసలోంచి ఎవరో వెనక్కి తిరిగి "ష్" అన్నారు.

"ఇంకోసారి చెప్పండి," అన్నాను.